చిక్కడపల్లి క్లినిక్‌లో తాబేళ్లు, ఒక ఇగ్వానా

ఈ మధ్య వెటర్నరీ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఒకతె నల్లకుంటలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తాబేళ్లకూ పాములకూ బల్లులకూ వైద్యం చేయాలని ఉందట. కాఫీ తాగుతూ కాస్త మొహమాటంగా అడిగింది: "కానీ మేడమ్, అవి అరవవు, మనల్ని గుర్తుపట్టవు. రోజంతా వాటితోనే అంటే విసుగు రాదా?"

విసుగా! నాకు నవ్వాగలేదు. నా ఉద్యోగంలో గుండె దడదడలాడిన రోజులన్నీ లెక్కేసుకుంటే, సగానికి పైగా ఆ అరవని ప్రాణుల పుణ్యమే. ఆ పిల్లకు సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాను. తను వెళ్లిపోయాక ఇంకా చెప్పాల్సినవి గుర్తొచ్చాయి. అందుకే ఇలా రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం, పుస్తకాల్లో దొరకని సంగతులు.

చాలా ఏళ్లు నేను ప్రభుత్వ ఉద్యోగంలో గేదెలకూ ఆవులకూ వైద్యం చేశాను. ఆ ఉద్యోగం వదిలి, 2009లో చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో డాక్టర్ చారిగారి క్లినిక్‌లో చేరాను. ఆయన నాకంటే బాగా పెద్దవారు, కుక్కలకు ఆపరేషన్ చేయడంలో చేయి తిరిగిన మనిషి. మూడు గదులు, పైన డాబా. ఒక పక్క గోడకు ఆనుకుని నర్సింగ్ హోమ్, ఎదురుగా మేడ మీద పళ్ల డాక్టరు. జంతువులను పట్టుకోవడానికీ, శుభ్రం చేయడానికీ బాలమణి ఉండేది. మహబూబ్‌నగర్ వైపు నుంచి కుటుంబమంతా ఇళ్లు కట్టే పనులకు వస్తే, తనొక్కతే ఇటుకలు మోయనని భీష్మించుకుని మా దగ్గర చేరింది. కరిచే కుక్కకు కూడా బెదరదు. కానీ బల్లి పేరెత్తితే చారిగారే గది దాటి పోయేవారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

చారిగారు పోయిందన్న తాబేలు

ఆ ఏడు చలికాలంలో ఒక ఉదయం, అశోక్ నగర్ నుంచి సుజాత అనే ఆమె ఒక పాత చున్నీలో ఏదో చుట్టి పట్టుకొచ్చింది. లోపలికి రాదు, బయటికి పోదు. గుమ్మంలో నిలబడి వీధి వైపే చూస్తోంది.

"ఏమైందమ్మా?" అని అడిగాను.

"నన్ను పోలీసులకు ఇస్తరా?" అంది, ఇంకా చున్నీ విప్పకుండానే.

"ముందు లోపల ఏముందో చూడనియ్యి."

నక్షత్ర తాబేలు. నల్లని పెంకు మీద పసుపు చారలతో నక్షత్రాలు గీసినట్టు ఉంటుంది. ఎండ మండే మెట్ట నేలల్లో, తుప్పల మధ్య బతికే జంతువు. ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఇంటికి లక్ష్మి వస్తుందని ఎవరో చెబితే సుజాత వాళ్లు దాన్ని నీళ్ల తొట్టిలో పెట్టి పెంచారు. అది నీళ్లలో ఉండే తాబేలు కాదని వాళ్లకు తెలియదు. తొట్టిలోంచి ఎక్కి పారిపోతోందని పెంకు అంచుకు డ్రిల్లుతో చిల్లు పెట్టి, తాళంచెవుల రింగు తొడిగి, తాడుతో బాల్కనీ గ్రిల్లుకు కట్టేశారు. తాడు తెగింది. మూడో అంతస్తు నుంచి కింద పడింది. పెంకు మధ్యలోంచి పక్క దాకా పగిలింది. జైల్లో పెడతారన్న భయంతో ఆమె రెండు రోజులు దాన్ని వంటింటి గట్టు కింద దాచిపెట్టింది.

చారిగారు వచ్చి చూశారు. కాలు లాగారు, కంటి మీద వేలితో తాకారు. చలనం లేదు. ముట్టుకుంటే రాయిలా చల్లగా ఉంది.

"పోయిందమ్మా," అన్నారు మెల్లగా. సుజాత గోడకు ఆనుకుని అక్కడే కూలబడిపోయింది.

ఆయన తప్పేమీ లేదు. కుక్కయినా గేదెయినా అలా ఉంటే ఎవరైనా అదే మాట అంటారు. కానీ పాములూ తాబేళ్లూ తమ ఒంటి వేడిని తాము పుట్టించుకోలేవు. చల్లబడితే వాటి ప్రాణం అట్టడుగుకు పోయి దాక్కుంటుంది. నేను అది చదివాను గానీ ఎప్పుడూ చూడలేదు.

"చల్లగా ఉంది సార్," అన్నాను. "జెర వెచ్చబడనిద్దాం. అప్పుడు చెబుదాం, ఉందో పోయిందో."

"సచ్చినదాన్ని వేడి చేస్తే ఏమైతదమ్మా?"

"ఏం కాదు సార్. మనకు పోయేదేముంది?"

వేడినీళ్ల సీసాలకు తువ్వాళ్లు చుట్టి చుట్టూ పెట్టాను. పైన బల్బు వేలాడదీశాను. మెల్లగా వెచ్చబడాలి, తొందరపడితే మొదటికే మోసం. ఈలోగా నర్సింగ్ హోమ్‌కు పరుగెత్తాను. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినడానికి వాళ్ల దగ్గర చేతిలో పట్టే చిన్న యంత్రం ఉంటుంది. అక్కడి డాక్టరమ్మ నా మొహం చూసి, "ఎవరు డెలివరీ?" అంది. "తాబేలు" అన్నాను. ఆమె యంత్రంతో పాటు తనూ వచ్చేసింది!

తాబేలు మెడకూ ముందరి కాలికీ మధ్య ఉన్న మెత్తని చోట జెల్ రాసి యంత్రం ఆనించాను. గర్రుమని గాలి చప్పుడు. ఇంకేమీ లేదు. కాస్త పక్కకు జరిపాను. ఏమీ లేదు. చారిగారు తల అడ్డంగా ఊపారు. మరి కాస్త లోపలికి తిప్పాను.

డుబ్.

చాలాసేపు మళ్లీ గర్రుమనే చప్పుడే. నేనే పొరబడ్డానేమో అనుకుంటుండగా, మళ్లీ. డుబ్. తర్వాత మళ్లీ. మందంగా, తీరిగ్గా, ఎవరో లోతైన బావిలో అడుగు తీసి అడుగు వేస్తున్నట్టు.

"అమ్మా, ఉన్నది!" అని బాలమణి నా భుజం పట్టుకుని ఊపేసింది. సుజాత ఏడుస్తూ నవ్వుతోంది. చారిగారైతే యంత్రం నా చేతిలోంచి లాక్కుని, కళ్లు మూసుకుని, చిన్నపిల్లాడిలా మళ్లీ మళ్లీ విన్నారు. మధ్యాహ్నానికి అది వెనక కాలు లోపలికి లాక్కుంది. ఆయన సందులోకి పోయి, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చెప్పారు. "నేను పోయిందన్న, అది ఉన్నది!" అని. తన పొరపాటును అంత సంబరంగా చాటుకున్న పై అధికారిని నేను మరెక్కడా చూడలేదు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఆ రోజు నుంచి ఒకటే చెప్పాను. చల్లగా ఉన్న తాబేలు పోయిందని ఎప్పుడూ చెప్పకండి. వెచ్చబడ్డాక కూడా చలనం లేకపోతే అప్పుడు చెప్పండి.

పెంకు అతకడం ఇంకో పండగ. చాలామంది తాబేలు పెంకంటే గోరు లాంటిది అనుకుంటారు. కాదు, అది బతికున్న ఎముక. రక్తం ఉంటుంది, నొప్పి ఉంటుంది. చిల్లు పెడితే మన పక్కటెముకకు చిల్లు పెట్టినట్టే. పగులును వెంటనే మూసేయకూడదు, లోపల చీము పడుతుంది. కడిగి, కట్టు కట్టి, శుభ్రపడిందని నమ్మకం కుదిరాక మూయాలి. మూయడానికి మా దగ్గర ఏమీ లేదు. ఎదురు మేడ మీది పళ్ల డాక్టరు ఫరీదా గారిని అడిగాను. కట్టుడు పళ్లు తయారుచేసే గులాబీ రంగు ముద్ద కలిపి పట్టుకుని వచ్చారు.

"నేను మనుషుల నోళ్లల్లనే చేసిన. ఇది నోరు తెరుస్తదా?" అని అడిగారు.

"తెరవక్కర్లేదు మేడమ్. వీపు మీదే పని."

పగులుకు అటూ ఇటూ సన్నని తీగతో కుట్టి, పైన ముద్ద పూశాం. గట్టిపడ్డాక ఆమె పళ్లకు మెరుగు పెట్టే యంత్రంతో నున్నగా చేశారు. పసుపు నక్షత్రాల మధ్య గులాబీ అతుకు! ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ పేషెంట్లు పన్ను తీయించుకునే ముందు మా క్లినిక్‌కు వచ్చి తాబేలును చూసి పోయేవారు.

సుజాత విషయం. అటవీ శాఖకు చెప్పక తప్పదని ఆమెకు ముఖాన్నే చెప్పాను. దాచి చేయలేదు. ఆ శాఖ అధికారి వచ్చినప్పుడు ఆమె భయపడుతూనే వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన గట్టిగానే మందలించారు. కానీ, "తెచ్చినందుకు వదిలేస్తున్న, చెత్తకుండీల పారేసేవాళ్లే ఎక్కువ," అన్నారు. నిజం. కాబట్టి జంతువును తెచ్చిన మనిషిని గుమ్మంలోనే కసరకండి. మీరు కసరిన మనిషి రెండోసారి రాదు. ఆ రెండోసారి రావలసిన జంతువు ఇంట్లోనే పోతుంది. మందలించే పని చేసే వాళ్లు వేరే ఉన్నారు. మన పని బల్బు వెలిగించడం.

కోలుకున్నాక ఆ తాబేలును అటవీ శాఖ వాళ్లు తీసుకుపోయారు. దాని జాతి తిరిగే మెట్ట ప్రాంతంలో, మరికొన్నిటితో కలిపి వదిలామని తర్వాత కబురు చేశారు. ఎక్కడో తుప్పల్లో గులాబీ అతుకుతో తిరుగుతున్న తాబేలు! గొర్రెల కాపరులు ఎవరైనా చూసి ఏమనుకున్నారో!

అశోక్ నగర్ బకెట్లు

ఆ తర్వాత మా పేరు పాకింది. "తాబేలు డాక్టరమ్మ" అనేవారు. వచ్చినవాటిలో ఎక్కువ భాగం, కంటి వెనక ఎర్ర గీత ఉండే చిన్న నీటి తాబేళ్లు. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు దుకాణాల్లో అమ్మేవారు. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు అదృష్టమని కొని, ప్లాస్టిక్ గిన్నెలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు కింద పెట్టుకునేవారు. ఎండ తగలదు, తిండి సరిపోదు. కళ్లు ఉబ్బి మూసుకుపోతాయి, పెంకు నొక్కితే సొట్టపడుతుంది. ఫలితాలు వచ్చాక పిల్లలు ఊళ్లకు పోతూ పోతూ బకెట్లో వేసి మా గేటు దగ్గర పెట్టేవారు.

ఒకసారి ఒకమ్మాయి మాత్రం గేటు దగ్గర వదిలి పోకుండా లోపలికి వచ్చి కూర్చుంది.

"మేడమ్, నాకు జాబ్ రాలే. ఇది కూడ కళ్లు తెరుస్తలేదు. ఇద్దరిదీ ఒకటే పరిస్థితి," అంది.

"దాని సంగతి నేను చూస్త. నువ్వు రోజూ వచ్చి దానికి కళ్లల్ల మందు వేస్తవా?"

వేసింది. చదువుకునే పుస్తకం ఒళ్లో, తాబేలు అరచేతిలో. ఒకరోజు అది ఎడమ కన్ను తెరిచి ఆమెను చూసింది. ఆ పిల్ల వేసిన కేకకు వెయిటింగ్ రూమ్‌లో కుక్కలన్నీ మొరిగాయి!

ఈ జాతి విదేశీది. హుస్సేన్ సాగర్‌లో వదిలేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. మన నీళ్లలో మన తాబేళ్ల తిండి లాక్కుంటుంది. దాన్ని బతికించామంటే జీవితాంతం చూసుకునే ఇల్లు కూడా వెతకాలి. ఈ వృత్తిలో మందు కంటే కష్టమైన పని అదే. జనానికి అడవిలో వదిలేసే ఘట్టమే ఇష్టం. అన్నిటికీ అడవి ఉండదు.

శ్రీశైలం హోటల్లో రాజా

ఇప్పుడు చెప్పబోయేది, ఆ కాఫీ తాగిన అమ్మాయికి చెబుతూ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డ కథ.

2011లో బాలమణి ఒకరోజు పొద్దున్నే వచ్చి, "మేడమ్, నారాయణగూడల ఒక టిఫిన్ హోటల్ల అద్దాల డబ్బాల పెద్ద తొండ ఉంది. ఇంత ఉంది," అని చేతులు బార్లా చాపింది. "మంది దాంతోటి ఫొటోలు దిగుతున్నరు. అది మాత్రం కదులుతలేదు."

మరునాడు నేనే దోసె తినడానికి వెళ్లాను. ఇగ్వానా. దక్షిణ అమెరికా చెట్ల మీద బతికే ఆకుపచ్చని బల్లి. తోకతో కలిపి మనిషి చేయి కంటే పొడవు. కౌంటర్ పక్కన గాజుపెట్టెలో, ఎర్ర బల్బు కింద, రంగు వెలిసిన గుడ్డపేలికలా పడి ఉంది. హోటల్ యజమాని పేరు శ్రీశైలం. నలభై ఏళ్ల మనిషి, తరాలుగా అక్కడే ఉన్న కుటుంబం. నేను అటే చూస్తుండడం గమనించి, ఉత్సాహంగా దాన్ని రెండు చేతులతో తీసి నా ముందు పెట్టాడు.

"రాజా మేడమ్ దీని పేరు. పట్టుకోన్రి, ఏమనదు. చిన్న పిల్లలు ఎత్తుకున్నా ఏమనదు. బంగారం."

పట్టుకున్నాను. కింది దవడ రబ్బరులా వంగింది. ముందరి చేతులు ఉబ్బి ఉన్నాయి, కండపట్టినట్టు కనిపిస్తుంది గానీ లోపల ఎముక పేలపిండి. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఒంట్లో సున్నం, అంటే కాల్షియం, లేదు. ఎండ లేక, తగిన ఆకులు లేక, శరీరం తన ఎముకల్నే తింటోంది.

"ఏం పెడ్తరు దీనికి?"

"మేము తినేదే పెడ్త మేడమ్. ఉడకబెట్టిన గుడ్డు, చికెన్, ఇడ్లీ. నా కొడుకు లెక్క చూస్కుంట."

అబద్ధం కాదు. ప్రేమగా చూసుకుంటున్నాడు. ఇక్కడే మీరు జాగ్రత్తగా ఉండాలి. కొట్టేవాడిని ఎదిరించడం సులువు. ముద్దు చేసి చంపేవాడితో మాట్లాడడమే కష్టం.

"శ్రీశైలమన్నా, ఇది సాధువు కాదు. దీనికి చేతనైతలేదు, ఒంట్ల బలం లేదు. మంచిగున్న ఇగ్వానా కొత్త మనిషిని చూస్తే లేచి బుసకొడ్తది."

ఆయన మొహం మాడిపోయింది. రాజాను నా చేతుల్లోంచి తీసుకుని పెట్టెలో పెట్టేశాడు. "దోసె చల్లారుతుంది మేడమ్, తినున్రి," అన్నాడు. అంతే.

క్లినిక్‌కు వచ్చి చారిగారితో గొడవపడ్డాను. తాబేలుకు చట్టం ఉంది. విదేశీ బల్లికి అప్పట్లో అలాంటి చట్టం లేదు. హింస కింద కేసు పెట్టొచ్చు కదా అన్నాను.

"పెట్టు. కేసు తేలేసరికి అది ఉంటదా?" అన్నారాయన. "నువ్వు పోయి ఇంకో దోసె తిను."

తిన్నాను. వారాల తరబడి తిన్నాను! రాజా ఊసెత్తకుండా చట్నీ బాగుందనీ, ఎండలు ముదిరాయనీ మాట్లాడేదాన్ని. చివరికి ఒకరోజు ఆయనే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మేడమ్, జెర పరేషాన్ ఉంది. నిన్నటి నుంచి గుడ్డు నోట్ల పెడ్తే కిందపడేస్తున్నది. ఏం పెట్టాలె?"

మునగాకు, మందారాకులు, గుమ్మడికాయ తురుము చెప్పాను. డాబా మీదికి తీసుకుపోయి పొద్దుటి ఎండలో పెట్టమన్నాను. గాజులోంచి వచ్చే ఎండ పనికిరాదనీ, నేరుగా ఒంటి మీద పడాలనీ చెప్పాను. నా ఫోన్ నంబరు ఇచ్చాను. క్లినిక్‌కు తెమ్మంటే మాత్రం, "ఇచ్చేస్తే మళ్లీ ఇయ్యరు మీరు," అని నవ్వి తప్పించుకున్నాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఒక బంద్ నాడు పదకొండు గంటలప్పుడు ఫోను మోగింది. అవతల శ్రీశైలం.

"మేడమ్, కొట్టుకుంటున్నది. నాలుగు కాళ్లూ కొట్టుకుంటున్నది. నోరు పడిపోయింది. ఆటోలు లెవ్వు, ఏం లెవ్వు. ఏం జేయాలె?"

"చీకటి చేసి, తువ్వాల చుట్టున్రి. గట్టిగా నొక్కొద్దు. ఎత్తుకుని నడుసుకుంట రాన్రి. నేను ఎదురొస్త."

బాలమణీ నేనూ మందుల సంచీతో బయటపడ్డాం. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు అంత ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. షట్టర్లన్నీ మూసేసి, రోడ్డంతా మాదే! ఆ వయసులో నేను పరుగెత్తాను. నారాయణగూడ వైపు నుంచి శ్రీశైలం చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు తువ్వాలు మూటను గుండెకు అదుముకుని వస్తున్నాడు. మేం ఇంకా అందుకోకముందే పోలీసులు ఆయన్ను ఆపేశారు.

"ఏందది? ఏం తీస్కపోతున్నవ్?" అని కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"పానం పోతుంది సార్! వదలున్రి సార్!"

కానిస్టేబుల్ తువ్వాలు కొస ఎత్తాడు. ఆకుపచ్చని మూతి, పక్కకు వాలిన నాలుక. ఎగిరి వెనక్కి దూకాడు. "వామ్మో! ఏందయ్యా ఇది, మొసలా?"

"నేను డాక్టర్ను," అన్నాను ఆయాసపడుతూ. "సూది వెయ్యాలె, ఇక్కడ్నే, ఇప్పుడే."

ఆయన ఒక్క క్షణం నన్నూ, మూటనూ చూశాడు. పక్కన మూసిన దుకాణం ముందున్న బల్ల మీద తన ప్లాస్టిక్ డాలు పెట్టాడు. ఆ డాలు మీద రాజాను పడుకోబెట్టి, శ్రీశైలం తల పట్టుకుంటే, బాలమణి తోక పట్టుకుంటే, కాల్షియం సూది మెల్లగా, మెల్లగా ఎక్కించాను. తొందరగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. చుట్టూ పోలీసులు గుండ్రంగా నిలబడి నీడ పట్టారు. కొట్టుకుంటున్న కాళ్లు నెమ్మదించాయి. వేళ్ల వణుకు ఆగింది. రాజా కన్ను ఒకసారి మూసి తెరిచింది.

"బతికినట్టేనా?" అన్నాడు కానిస్టేబుల్, గొంతు తగ్గించి.

"ఇవాళ్టికి," అన్నాను. కానీ లోపల నాకు ఎగరాలని ఉంది!

డాబా మీద

ఆ రోజు శ్రీశైలమే తన చేతులతో రాజాను మా డాబా మీది గదిలో దించాడు. "మంచిగైనంక తీస్కపోత, హోటల్ల పెడ్త," అని చెప్పాడు. నేను ఔననలేదు, కాదనలేదు.

వరస గుర్తుపెట్టుకోండి: ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. మందులు వీటన్నిటితో పాటు నడుస్తాయి గానీ వీటి స్థానం తీసుకోలేవు. వేడి లేని ఒంటికి ఎంత మంచి మందు పోసినా లోపల అలాగే కూర్చుంటుంది. హైదరాబాద్ ఎండ దేవుడిచ్చిన దీపం. రోజూ పొద్దున డాబా మీద చుట్టూ వల బిగించి కట్టిన వలగదిలో పడుకోబెట్టేవాళ్లం. కరెంటు కోతలప్పుడు గదిలో బల్బు ఆరిపోతే ఇటుకల్ని ఎండలో వేడెక్కించి గుడ్డ చుట్టి లోపల పెట్టేది బాలమణి. "ఇటుకలు మొయ్యనని వచ్చిన, ఇక్కడ గూడ అవే తగిలినయి," అని తిట్టుకుంటూ నవ్వేది.

చారిగారు డాబా మెట్ల దగ్గరే ఆగిపోయేవారు. బల్లిని చూడలేరు, దాని సంగతి తెలియకుండా ఉండలేరు. "తిన్నదా? ఎంత తిన్నది? కాళ్ల వాపు ఎట్లుంది?" అని కింద నుంచే అరిచేవారు. మందు మోతాదు లెక్కవేసి పైకి కేకేసి చెప్పేవారు. తలుపు సందులోంచి కూడా తొంగిచూడని ఆ పెద్దమనిషి రోజూ కూరగాయల మార్కెట్లో రాజా కోసం లేత మునగాకు ఏరి తెచ్చేవారు.

శ్రీశైలం మధ్యాహ్నం హోటల్ ఖాళీ అయ్యాక వచ్చి కూర్చునేవాడు. మొదట్లో రాజా ఏమీ తినలేదు. ఆకు నోటి దగ్గర పెడితే తల తిప్పుకునేది. ఆయన అదే ఆకును ఓపికగా పట్టుకుని గంటల తరబడి కూర్చునేవాడు. "తినరా, రాజా. నా తప్పే. ఇడ్లీలు పెట్టిన నీకు," అని గొణుక్కునేవాడు. ఒకరోజు మందార పువ్వు చూపించాడు. రాజా తల ఎత్తింది. ఎర్రటి పువ్వును చటుక్కున నోట పట్టింది! ఆయన చప్పట్లు కొట్టబోయి, అది బెదురుతుందని రెండు చేతులూ గాలిలోనే ఆపేశాడు.

నెలలు పట్టింది. దవడ గట్టిపడింది. పొట్ట నేల మీంచి లేచింది. వెలిసిపోయిన ఒళ్లు నిగనిగలాడే పచ్చగా మారింది. జామకొమ్మ ఒకటి వలగదిలో వాలుగా నిలబెట్టాం. మొదట దాని అడుగున గడ్డం ఆనించి పడుకునేది. తర్వాత ఒక చేయి వేసింది. తర్వాత ఎక్కబోయి జారింది. ఆ ఎముకలు విరుగుతాయేమోనని మేం ముగ్గురం కింద చేతులు పట్టుకుని నిలబడేవాళ్లం.

సరిగ్గా ఈ దశలో శ్రీశైలం ఒక మధ్యాహ్నం చిల్లులు పెట్టిన అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు.

"పండగ సీజన్ మేడమ్. గిరాకీలందరు అడుగుతున్నరు, రాజా ఏడి, రాజా ఏడి అని. కొత్త డబ్బా చేయించిన, పెద్దది. తీస్కపోత."

"అన్నా, ఇంకా పూర్తిగా కాలేదు."

"మంచిగనే ఉన్నది కద! మీరే చేసిన్రు. నేను కాదంటలేను. కానీ నాది కదా మేడమ్ అది."

ఆయనదే. నా దగ్గర చట్టం లేదు, కాగితం లేదు. వలగది తలుపు తీసి పక్కకు తప్పుకున్నాను. మా పనిలో ఇలాంటి రోజులుంటాయని మీకు తెలియాలి.

రాజా జామకొమ్మ చివర ఉంది. ఎప్పుడు ఎక్కిందో మేం చూడలేదు. నాలుగు కాళ్లతో కొమ్మను బిగించి పట్టుకుని, ఎండలో మెరుస్తూ, కింద మమ్మల్ని చూస్తోంది.

శ్రీశైలం లోపలికి వంగాడు. "దా రాజా, ఇంటికి పోదాం," అని చేయి చాచాడు. ఎప్పుడూ ఎత్తుకునేటట్టే, పొట్ట కింద చేయి పెట్టబోయాడు.

రాజా లేచింది. గొంతు కింది తోలు విసనకర్రలా విచ్చుకుంది. ఒళ్లు పక్కకు తిప్పి అంతెత్తున ఉబ్బింది. బుస్సుమంది. శ్రీశైలం చేయి ఇంకా గాలిలో ఉండగానే ఆ పొడవాటి తోక కొరడాలా వచ్చి ఆయన ముంజేతికి తగిలింది. ఆ చప్పుడు కింద చారిగారికి కూడా వినపడింది.

శ్రీశైలం రెండడుగులు వెనక్కి పడ్డాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా చార తేలింది. దాన్ని చూసుకున్నాడు. కొమ్మ మీద రాజాను చూశాడు. మళ్లీ చేతిని చూసుకున్నాడు.

"కొట్టింది," అన్నాడు. తర్వాత గట్టిగా, "మేడమ్, కొట్టింది! చూసిన్రా? నన్ను కొట్టింది! ఎంత జోర్‌గ కొట్టిందో చూడున్రి!" అంటూ డాబా అంతా తిరిగాడు. కళ్లల్లో నీళ్లు, నోటి నిండా నవ్వు. బాలమణి ఎగిరి గంతేసింది. కింద నుంచి చారిగారు, "ఏమైందమ్మా? ఎవరికేమైంది?" అని అరుస్తుంటే, శ్రీశైలం పిట్టగోడ మీదికి వంగి, "బలమొచ్చింది సార్! మా రాజాకు బలమొచ్చింది!" అని చేయి చూపించాడు.

చాలాసేపటికి ఆయన వలగది ముందు కింద కూర్చున్నాడు. రాజా ఇంకా ఉబ్బే ఉంది.

"ఇన్ని రోజులు చిన్న పిల్లలు పట్టుకున్నా ఏమనకపోయేది," అన్నాడు. "ఇది గట్ల కొట్టాలె గదా మేడమ్ అసలు?"

"కొట్టాలె," అన్నాను.

ఆయన లేచి, తలుపు తనే మూసి గొళ్లెం పెట్టాడు. చిల్లుల పెట్టెను మా మెట్ల దగ్గరే వదిలేసి, రేపు మందార పువ్వులు తెస్తానని చెప్పి, చొక్కా చేయి పైకి మడిచి, ఎర్ర చారను దారిలో కనిపించిన ప్రతి మనిషికీ చూపించుకుంటూ నారాయణగూడ వైపు వెళ్లిపోయాడు.